70.7 సీసీ చైన్‌సా పునర్నిర్మాణం, మార్పులు: కొలతలతో పని డైరీ

ఈ డైరీలోని రంపం 50 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 36 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న టూ-స్ట్రోక్ చైన్‌సా. ఘనపరిమాణం 70.7 సీసీ. సిలిండరు లోపల నికెల్-సిలికాన్ కార్బైడ్ పూత ఉంది. ఇన్‌టేకు పోర్టును, అంటే మిశ్రమం లోపలికి వచ్చే రంధ్రాన్ని, పిస్టన్ కింది అంచే తెరిచి మూస్తుంది. కార్బురేటరు డయాఫ్రం రకం. నా చేతికి వచ్చేసరికి పిస్టన్ పట్టేసి, స్టార్టరు తాడు కదలడం లేదు. ఈ పనిలో నేను ఒక కొత్త పిస్టన్‌ను, ఒక మంచి సిలిండరును అనవసరంగా పాడుచేశాను. రెండు నష్టాలూ కొలవవలసిన చోట కొలవకుండా ముందుకు పోవడం వల్లనే జరిగాయి కనుక, ప్రతి దశలో ఏమి కొలిచానో, ఏమి మార్చానో, ఎందుకు మార్చానో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

దశ 1: విప్పగా కనిపించినవి

ప్లగ్గు రంధ్రంలో కొంచెం నూనె పోసి ఒక రాత్రి ఉంచితే పిస్టన్ కదిలింది. ఆ స్థితిలో కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండరులో పెరిగే ఒత్తిడి, 95 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). గేజ్ ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం: గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు గొట్టానికి ప్లగ్గు వైపు చివరన ఉండాలి. అది గేజ్ వైపు ఉంటే గొట్టంలోని ఖాళీ కూడా దహన గదికి కలిసి, ఇంత చిన్న ఇంజనులో అంకె చాలా తక్కువగా కనిపిస్తుంది.

క్లచ్, ఫ్లైవీలు విప్పిన క్రమం:

1. పిస్టన్ పైకి వస్తూ ఎగ్జాస్టు పోర్టును (పొగ బయటికి పోయే రంధ్రాన్ని) పూర్తిగా మూసిన తరువాతే ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు దూర్చాను. ముందే దూరిస్తే తాడు పోర్టులోకి జారి, పోర్టు అంచుకూ రింగుకూ మధ్య నలుగుతుంది.
2. క్లచ్‌ను గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పి ఊడదీశాను. దానిది ఎడమ మర.
3. ఫ్లైవీలును పుల్లరుతో లాగాను. సుత్తి వాడలేదు.

పిస్టన్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే ఎగ్జాస్టు వైపు నిలువునా లోతైన గాట్లు ఉన్నాయి, అదే వైపు రింగు గాడిలో నలిగి అతుక్కుపోయింది. ఇన్‌టేకు వైపు మాత్రం తయారీలో పడిన సన్నని అడ్డగీతలు ఇంకా చెక్కుచెదరలేదు. దీని అర్థం స్పష్టమే. నూనె కలపని పెట్రోలు పోసి ఉంటే గాట్లు చుట్టూరా పడేవి. ఫిల్టరు దాటి దుమ్ము వచ్చి ఉంటే ఇన్‌టేకు వైపే ముందు అరిగేది. ఎగ్జాస్టు వైపు మాత్రమే కాలిందంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువై, వేడి ఎక్కువగా ఉండే ఆ వైపు పిస్టన్ ముందుగా వ్యాకోచించి బోరును పట్టుకుంది.

ఇప్పటివరకు: 3 గంటలు. పాడైన పిస్టన్లు 1. కంప్రెషన్ 95 పీఎస్ఐ.

దశ 2: పిస్టన్ మార్చి ఊరుకోవడం

పెట్రోలు తక్కువైందని సరిగానే గ్రహించాను కాని, ఎందుకు తక్కువైందని వెతకలేదు. కార్బురేటరు హెచ్ స్క్రూను (ఎక్కువ వేగంలో పెట్రోలు పాలును నిర్ణయించేది) ఎవరో ఎక్కువగా మూసి ఉంటారనుకున్నాను. బోరుకు అంటిన అల్యూమినియాన్ని ఎమిరీ కాగితంతో పైపైన గీకి, కొత్త పిస్టన్, రింగులు వేసి, హెచ్ స్క్రూను పావు చుట్టు అదనంగా తెరిచి నడిపాను.

అది నడిచిన పదకొండు నిమిషాల్లో ఇంజను రెండు సంకేతాలు ఇచ్చింది. యాక్సిలరేటరు వదిలిన వెంటనే వేగం పడిపోకుండా మూడు నాలుగు క్షణాలు పైనే నిలిచి, తరువాత నెమ్మదిగా దిగింది. రంపాన్ని క్లచ్ వైపు పక్కకు వంచితే ఐడిల్ వేగం (యాక్సిలరేటరు నొక్కనప్పటి వేగం) తనంతట తాను పెరిగింది. ఈ రెండూ ఎక్కడినుంచో అదనపు గాలి లోపలికి చేరుతోందని చెప్పే గుర్తులు. నేను వాటిని చూసి కూడా ఐడిల్ స్క్రూను తగ్గించి కోతకు దిగాను. నాలుగో కోత మధ్యలో ఇంజను స్వరం ఒక్కసారిగా సన్నబడింది, చైను ఆగిపోయింది. సైలెన్సరు విప్పి పోర్టులోంచి చూస్తే అదే చోట అవే గాట్లు ఉన్నాయి.

పిస్టన్ కాలడం జబ్బు కాదు, జబ్బు వల్ల కలిగిన ఫలితం. ఈ పని చేసేవారు కారణం వెతికే ఒక్క దశను నాలాగా దాటవేయవద్దని నా మనవి.

ఇప్పటివరకు: 5.5 గంటలు. పాడైన పిస్టన్లు 2.

దశ 3: గాలి లీకును వెతకడం

టూ-స్ట్రోక్ ఇంజనులో క్రాంక్‌కేసు (పిస్టన్ కింద క్రాంకు తిరిగే గది) కూడా ఒక పంపు. పిస్టన్ దిగేటప్పుడు అందులో ఒత్తిడి, ఎక్కేటప్పుడు శూన్యత ఏర్పడతాయి. అందువల్ల పరీక్షను రెండు దిశల్లోనూ చేయాలి.

1. సైలెన్సరుకూ సిలిండరుకూ మధ్య దళసరి ట్యూబు రబ్బరు ముక్క పెట్టి బోల్టులు బిగించాను.
2. కార్బురేటరు స్థానంలో అదే రబ్బరుతో ఒక పలక బిగించాను. ఇన్‌టేకు రబ్బరు గొట్టం మాత్రం పరీక్షలో భాగంగా దాని చోటే ఉండాలి, ఎందుకంటే పగుళ్ళు ఎక్కువగా వచ్చేది దానికే.
3. డీకంప్రెషన్ వాల్వును (స్టార్టు చేసేటప్పుడు సిలిండరు ఒత్తిడిని తగ్గించేది) తీసి, ఆ రంధ్రాన్ని బోల్టుతో మూసాను.
4. కార్బురేటరు పంపుకు క్రాంక్‌కేసు స్పందనను అందించే సన్నని గొట్టానికి చేతి పంపు తగిలించాను.
5. ముందు 0.5 బార్ ఒత్తిడి, తరువాత 0.5 బార్ శూన్యత ఇచ్చి, రెండుసార్లూ క్రాంకును నెమ్మదిగా తిప్పుతూ ముల్లును గమనించాను.

ఒత్తిడి పరీక్షలో నిమిషానికి 0.02 బార్ మాత్రమే తగ్గింది. సబ్బు నురుగు ఎక్కడా బుడగలు కట్టలేదు. ఇక్కడితో ఆగి ఉంటే లీకు లేదని నిర్ధారించుకుని మూడో పిస్టన్‌ను కూడా కాల్చి ఉండేవాడిని. శూన్యత పరీక్షలో ముల్లు 0.5 నుంచి 0.2కు తొమ్మిది సెకన్లలో పడిపోయింది.

శూన్యతలో గాలి లోపలికి పోతుంది కనుక సబ్బు బుడగలు రావు. అందుకని ఒక్కొక్క అతుకుకూ చుట్టూ చిక్కని గ్రీజు పూస్తూ ముల్లును చూశాను. ఇన్‌టేకు గొట్టం దగ్గర మార్పు లేదు. క్రాంక్‌కేసు అతుకు దగ్గర మార్పు లేదు. క్లచ్ వైపు ఆయిల్ సీలు (షాఫ్టు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు వలయం) దగ్గర కూడా లేదు. ఫ్లైవీలు వైపు సీలుకు గ్రీజు పూయగానే ముల్లు నిలిచిపోయింది. క్షణంలో ఆ గ్రీజు సీలు పెదవికీ షాఫ్టుకూ మధ్యకు, సూది మొనంత గుంటగా, లోపలికి పీల్చుకుపోవడం కంటికి కనిపించింది.

సీలును బయటికి తీసి గోటితో నొక్కి చూస్తే పెదవి ప్లాస్టిక్‌లాగా గట్టిపడి ఉంది. లోపలి ఒత్తిడి పెదవిని షాఫ్టు మీదికి అదిమిపెడుతుంది కనుక మొదటి పరీక్షలో అది బాగానే నిలిచింది. శూన్యతలో అదే పెదవి షాఫ్టును వదిలి లేస్తోంది. ఇన్‌టేకు జరిగేది శూన్యతలోనే. కార్బురేటరును దాటకుండా వచ్చిన ఆ గాలికి పెట్రోలూ లేదు, నూనే లేదు. హెచ్ స్క్రూను ఎంత తెరిచినా ఈ లోటును నమ్మకంగా పూడ్చలేము, ఎందుకంటే లీకు పరిమాణం వేగాన్ని బట్టి, రంపం వంపును బట్టి మారుతూ ఉంటుంది.

ఇప్పటివరకు: 9.5 గంటలు. ఒత్తిడిలో నష్టం నిమిషానికి 0.02 బార్, శూన్యతలో తొమ్మిది సెకన్లకు 0.3 బార్.

దశ 4: బోరుకు అంటిన అల్యూమినియాన్ని తొలగించడం

ఎమిరీ కాగితంతో గీకడం రెండు విధాలా తప్పు. అంటిన అల్యూమినియం పూర్తిగా పోదు, దాని పక్కనున్న మంచి పూత మీద మాత్రం గీతలు పడతాయి. ఈసారి కాస్టిక్ సోడా వాడాను. అది అల్యూమినియాన్ని కరిగిస్తుంది, నికెల్ పూతను ముట్టదు. కొందరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. బోరు పూత క్రోమియం అయితే ఆ ఆమ్లం పూతనే తినేస్తుంది. మెగ్నీషియం క్రాంక్‌కేసు మీద ఒక చుక్క పడినా అక్కడ లోహం నురగలు కక్కుతూ కరుగుతుంది. అందుకని దాన్ని బల్ల దగ్గరికి కూడా రానివ్వలేదు.

1. సిలిండరును ఇంజను నుంచి పూర్తిగా వేరుచేసి, కంటి అద్దాలు, రబ్బరు చేతి తొడుగులు ధరించి, ఆరుబయట కూర్చున్నాను. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక దగ్గరలో నిప్పు ఉండకూడదు.
2. నీటిలో సోడా కొద్దికొద్దిగా కలిపాను. సోడా మీద నీరు పోయకూడదు.
3. పుల్లకు చుట్టిన దూదితో అల్యూమినియం చారల మీద మాత్రమే అద్దాను. పోర్టుల లోపలి గోడలకు పూత లేదు కనుక అక్కడికి జారకుండా సిలిండరును అడ్డంగా పట్టుకున్నాను.
4. బుడగలు ఆగగానే తుడిచి, మళ్ళీ అద్దాను. ఇలా ఆరుసార్లు చేశాను.
5. ధారాళంగా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పూశాను.

బుడగలు ఒకే చోట ఎంతసేపటికీ ఆగకపోతే అక్కడ పూత చిల్లుపడి, దాని కింది అల్యూమినియం కరుగుతోందని అర్థం. అటువంటి సిలిండరు పనికిరాదు. నా సిలిండరులో అన్ని చోట్లా ఆగాయి. ఎగ్జాస్టు పోర్టు పైన గోరు పెట్టి నిలువునా, అడ్డంగా నడిపితే ఎక్కడా తగల్లేదు. రింగును ఒంటరిగా బోరులో పెట్టి, ఫీలర్ గేజ్‌తో కొలిచిన చివరల సందు 0.28 మి.మీ.

ఇప్పటివరకు: 12.5 గంటలు.

దశ 5: బేరింగులు, సీళ్ళు, కూర్పు

సీలు ఒకటి గట్టిపడిందంటే రెండోదీ అదే వయసుది కనుక రెండూ మార్చాను. కేసు తెరిచాను కాబట్టి బేరింగులు కూడా సీ3 క్లియరెన్సువి (లోపలి సందు మామూలుకంటే కొంచెం ఎక్కువ ఉన్నవి) వేశాను. కేసును సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, బేరింగులను ఫ్రీజరులోంచి తీసిన వెంటనే పెడితే సుత్తి అవసరం లేకుండా వాటి బరువుకే కూర్చున్నాయి. సీళ్ళ పెదవులకు నూనె పూసి, షాఫ్టు అంచు మీద సన్నని ప్లాస్టిక్ కాగితం చుట్టి దాని మీదుగా జారవిడిచాను. పొడిగా తోసిన సీలు మొదటి రోజే చిరుగుతుంది.

పిస్టన్ బాణం గుర్తు ఎగ్జాస్టు వైపు ఉండాలి. సర్‌క్లిప్పులు (పిస్టన్ పిన్నును జారకుండా పట్టే తీగ క్లిప్పులు) ఎప్పుడూ కొత్తవే వేయాలి. వాటి నోరు నేరుగా పైకి గాని కిందికి గాని ఉండాలి. వేసేటప్పుడు క్రాంక్‌కేసు నోటికి గుడ్డ కప్పాను. ఒక క్లిప్పు నిజంగానే ఎగిరి ఆ గుడ్డ మీదే పడింది.

మళ్ళీ పరీక్షించాను. 0.5 బార్ శూన్యత నిమిషానికి 0.48కి దిగింది. కంప్రెషన్ 150 పీఎస్ఐ. లీటరు పెట్రోలుకు 25 మి.లీ. నూనె, అంటే 40:1 కలిపి నడిపాను. పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం మారనప్పుడు నూనె పాలు పెంచితే పెట్రోలు పాలు ఆ మేరకు తగ్గుతుంది. అందువల్ల నూనె నిష్పత్తి మార్చిన ప్రతిసారీ హెచ్ స్క్రూను కూడా తిరిగి సరిచూసుకోవాలి.

ఇప్పటివరకు: 16.5 గంటలు. కంప్రెషన్ 150 పీఎస్ఐ. పని చేస్తున్న మూడో పిస్టన్.

దశ 6: సైలెన్సరు, ఒక తప్పుడు కొలత

మార్పులకు ముందు ఆధార కొలత కావాలి. 25 × 25 సెం.మీ. గట్టి కర్ర దూలాన్ని ఎంచుకున్నాను. గుండ్రని దుంగలో ప్రతి కోతకూ వ్యాసం మారుతుంది. చదరపు దూలంలో మారదు. ఐదు కోతల సగటు 12.4 సెకన్లు వచ్చింది.

సైలెన్సరు బయటి రంధ్రం వ్యాసం 14 మి.మీ., అంటే 154 చ.మి.మీ. ఎగ్జాస్టు పోర్టు వైశాల్యాన్ని కాగితం మీద అచ్చు తీసి గళ్ళు లెక్కపెడితే 340 చ.మి.మీ. ఉంది. బయటి మార్గం లోపలి మార్గంలో సగం కూడా లేదు. 12 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టాన్ని రెండో మార్గంగా వెల్డింగు చేయించాను. దానితో మొత్తం 267 చ.మి.మీ., అంటే పోర్టులో 79 శాతం అయింది. నిప్పురవ్వలను ఆపే జాలీని రెండు మార్గాలకూ ఉంచాను. ఎండుటాకుల మీద పని చేసే యంత్రానికి జాలీ తీసేయడం నేరంతో సమానం. పొగ బయటికి సులభంగా పోతే లోపలికి గాలి కూడా ఎక్కువగా వస్తుంది కనుక హెచ్ స్క్రూను ఒక చుట్టు నుంచి ఒకటింబావు చుట్టుకు తెరిచాను. ఈ సర్దుబాటు చేయకుండా సైలెన్సరు మాత్రమే తెరిచినవారు దశ 1కి తిరిగి వస్తారు.

మర్నాడు కొలిస్తే 10.3 సెకన్లు వచ్చింది. 17 శాతం తగ్గింది. కాని ఆ ఉదయం చైనుకు ఆకురాయి పట్టించిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. అందుకని వెంటనే పాత సైలెన్సరును, పాత స్క్రూ అమరికను తిరిగి పెట్టి, అదే చైనుతో అదే దూలాన్ని కోశాను. 11.2 సెకన్లు వచ్చింది. అంటే 12.4 నుంచి 11.2 వరకు తగ్గినది పదును వల్ల. సైలెన్సరు వల్ల తగ్గినది 8 శాతమే. ఇంజనుకు ఏమీ చేయకుండా, పంటికి మూడేసి సార్లు ఆకురాయి నడిపితే వచ్చిన లాభం ఇంచుమించు పది శాతం!

ఇక్కడినుంచి కొలిచే పద్ధతి మార్చాను. ఇదే బారు (చైను చుట్టూ తిరిగే పలక), ఇదే చైను ఎక్కే, మార్పులేవీ చేయని మరో రంపం నా దగ్గర ఉంది. ప్రతిసారీ ఒకే చైనును రెండింటికీ మార్చి, ఒకే దూలంలో ఐదేసి కోతలు కోసి, నా రంపం సమయాన్ని ఆ రంపం సమయంతో భాగించాను. దూలం గట్టిదైనా, చైను మొద్దుదైనా రెండింటికీ సమానంగానే తగులుతుంది కనుక నిష్పత్తి చెడదు.

పాత సైలెన్సరు: 11.2 / 15.2 = 0.74
మార్చిన సైలెన్సరు: 10.3 / 15.2 = 0.68

ఇప్పటివరకు: 23 గంటలు. నిష్పత్తి 0.74 నుంచి 0.68.

దశ 7: స్క్విష్ సందు

పిస్టన్ పై చావు స్థానంలో, అంటే అది ఎక్కగలిగిన అన్నిటికంటే పై చోట, ఉన్నప్పుడు దాని అంచుకూ సిలిండరు తలకూ మధ్య మిగిలే సందే స్క్విష్. ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని సోల్డర్ తీగను బోరు గోడను తాకేదాకా దూర్చి, ఇంజను తిప్పి, నలిగిన చివరను కొలవాలి. తీగను పిస్టన్ పిన్నుకు సరిగ్గా పైన, కుడిఎడమలా రెండు వైపులా పెట్టాలి. పిన్నుకు అడ్డంగా పెడితే పిస్టన్ ఊగి అంకె తప్పుతుంది. నాకు 1.02, 1.03 మి.మీ. వచ్చాయి.

సిలిండరు కింది గాస్కెట్ మందం 0.5 మి.మీ. దాన్ని తీసివేసి, పెట్రోలుకు కరగని సీలెంటును సన్నని పొరగా పూసి బిగించాను. సందు 0.52 మి.మీ. అయింది. ఇంతకంటే తగ్గించలేదు. నిమిషానికి 13 వేల చుట్ల దగ్గర కనెక్టింగు రాడ్డు సాగుదల, బేరింగుల సందు, పిస్టన్ తలపై పేరుకునే మసి అన్నీ ఈ అర మిల్లీమీటరులోనే ఇమడాలి.

దహన గది ఘనపరిమాణం సిరంజీతో కొలిస్తే 8.6 సీసీ నుంచి 7.6 సీసీకి తగ్గింది. 19.63 చ.సెం.మీ. బోరు వైశాల్యాన్ని 0.05 సెం.మీ.తో గుణిస్తే వచ్చే 0.98 సీసీకి ఇది సరిపోతుంది. ఎగ్జాస్టు పోర్టు మూసుకున్న క్షణం నుంచి లెక్కించిన కంప్రెషన్ నిష్పత్తి 6.5 నుంచి 7.4కు పెరిగింది. గేజ్ 178 పీఎస్ఐ చూపింది.

సిలిండరు దిగితే పోర్టులన్నీ దానితోపాటే దిగుతాయన్న సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. డిగ్రీ చక్రంతో (క్రాంకు ఎంత కోణం తిరిగిందో చూపే పలకతో) కొలిచిన మార్పులు ఇవి:

ఎగ్జాస్టు తెరుచుకోవడం: పై చావు స్థానం తరువాత 102 డిగ్రీల నుంచి 104కు.
ట్రాన్స్‌ఫర్లు (క్రాంక్‌కేసు నుంచి మిశ్రమాన్ని పైకి పంపే పోర్టులు) తెరుచుకోవడం: 122 నుంచి 124కు.
ఇన్‌టేకు తెరిచి ఉండే మొత్తం వ్యవధి: 148 డిగ్రీల నుంచి 151కి.

ఎగ్జాస్టు, ట్రాన్స్‌ఫర్ల వ్యవధి తగ్గుతుంది, ఇన్‌టేకు వ్యవధి పెరుగుతుంది. పై చావు స్థానాన్ని కంటి అంచనాతో పట్టుకోలేము. పిస్టన్‌కు అడ్డు పెట్టి, ఇటు తిప్పి ఆగిన చోటునూ, అటు తిప్పి ఆగిన చోటునూ గుర్తించి, సరిగ్గా మధ్య గీతను సున్నాగా తీసుకున్నాను.

ఇప్పటివరకు: 25.5 గంటలు. నిష్పత్తి 9.6 / 15.0 = 0.64. కంప్రెషన్ 178 పీఎస్ఐ.

దశ 8: పోర్టులు, పాడైన సిలిండరు

ఇన్‌టేకు వ్యవధిని 151 నుంచి 156 డిగ్రీలకు పెంచాలనుకున్నాను. లెక్క ప్రకారం పోర్టు కింది అంచును 0.8 మి.మీ. దించాలి. బోరు వైపు నుంచి గీత గీసుకుని, కార్బురేటరు వైపు నుంచి కార్బైడు బర్రు (తిరుగుతూ లోహాన్ని కొరికే చిన్న పనిముట్టు) దూర్చి అరగదీశాను. ఆ మార్గపు నేల బోరు వైపుకు వాలుగా ఉంటుంది. నేలను నునుపు చేస్తున్నాననుకుంటూ బర్రును ముందుకు నడిపిన ప్రతిసారీ దాని కొన గీతను దాటి బోరు అంచును కొరుకుతోంది, నేను కూర్చున్న వైపు నుంచి అది కనిపించదు. మధ్యలో ఒక్కసారైనా డిగ్రీ చక్రం పెట్టి చూడలేదు. పని అయిపోయాక కొలిస్తే అంచు 1.8 మి.మీ. దిగి ఉంది, వ్యవధి 162 డిగ్రీలు.

ఫలితం మొదటి నిమిషంలోనే తెలిసింది. ఐడిల్ దగ్గర ఇంజను తడబడింది. ఫిల్టరు తీసి చూస్తే కార్బురేటరు నోటి ముందు పెట్రోలు పొగమంచులాగా వెనక్కి చిమ్ముతోంది. పిస్టన్ దిగడం మొదలుపెట్టాక కూడా పోర్టు తెరిచే ఉండటం వల్ల తక్కువ వేగంలో క్రాంక్‌కేసులోని మిశ్రమం వచ్చిన దారినే తిరిగి పోతోంది. పది నిమిషాల్లో ఫిల్టరు తడిసి ముద్దయింది. దూలంలో బారును కొంచెం గట్టిగా నొక్కితే వేగం పడిపోయి, తిరిగి పుంజుకోలేదు. నిష్పత్తి 9.9 / 15.3 = 0.65. అంటే తొమ్మిది గంటల పనితో అంతకుముందు ఉన్నదాన్ని కూడా పోగొట్టుకున్నాను. పూత మీద అల్యూమినియం నింపి తిరిగి అంచు కట్టడం నా పనిముట్లతో అయ్యేది కాదు కనుక ఆ సిలిండరును పక్కన పెట్టేశాను.

రెండో సిలిండరు విషయంలో అనుసరించిన క్రమం:

1. ముందు గాస్కెట్ లేకుండా ఖాళీగా బిగించి, స్క్విష్, మూడు పోర్టుల డిగ్రీలు కొలిచి గోడ మీద రాసుకున్నాను. స్క్విష్ 0.53 మి.మీ.; మిగతావి మొదటి సిలిండరుతో సరిపోయాయి.
2. పిస్టన్ పై చావు స్థానంలో ఉండగా ఎగ్జాస్టు పోర్టు వెడల్పును పిస్టన్ స్కర్టు (రింగులకు దిగువనున్న గోడ) మీద గీసుకున్నాను. అరగదీశాక కూడా స్కర్టు రెండు వైపులా కనీసం 2 మి.మీ. కప్పి ఉండాలి, లేకపోతే క్రాంక్‌కేసు నేరుగా సైలెన్సరులోకి తెరుచుకుంటుంది.
3. పోర్టు వెడల్పును 30 నుంచి 31 మి.మీ.కు, అంటే బోరులో 62 శాతానికి పెంచి ఆపాను. పైకప్పు చదునుగా కాక వంపుగా ఉంచాను. చదునైన వెడల్పు పోర్టులోకి రింగు ఉబ్బి, అంచుకు తగులుకుంటుంది.
4. పైకప్పును 0.5 మి.మీ. లేపి, గాస్కెట్ తీయడం వల్ల పోయిన 102 డిగ్రీలను తిరిగి తెచ్చాను. ట్రాన్స్‌ఫర్లను 124 దగ్గరే వదిలేశాను. దీనితో ఎగ్జాస్టు తెరుచుకున్నాక ట్రాన్స్‌ఫర్లు తెరుచుకునేలోగా పొగ వెళ్ళడానికి దొరికే వ్యవధి 20 నుంచి 22 డిగ్రీలయింది.
5. ఇన్‌టేకు అంచును 0.5 మి.మీ. మాత్రమే, ఈసారి బోరు వైపు నుంచి, చేతి ఆకురాయితో దించాను. పదేసి సార్లు ఆకురాయి నడపడం, కడగడం, చక్రంతో కొలవడం. 154 డిగ్రీల దగ్గర ఆపాను.
6. పోర్టుల అంచులన్నిటికీ సన్నని రాయితో ఏటవాలు పెట్టాను. అంచు మీద దూది నడిపితే ఒక్క పోగు కూడా చిక్కకూడదు. ఈ పనికే రెండు గంటలు పట్టింది, అయినా తొందరపడలేదు. పదునైన అంచు ఒకటి మిగిలితే రింగు అక్కడే విరుగుతుంది.

పైకప్పు లేపినందువల్ల కంప్రెషన్ 178 నుంచి 174కు దిగింది. నిష్పత్తి 9.1 / 15.1 = 0.60. ఐడిల్ స్థిరంగా ఉంది, ఫిల్టరు పొడిగా ఉంది.

ఇప్పటివరకు: 41.5 గంటలు, అందులో 9 వృథా. పాడైన పిస్టన్లు 2, సిలిండరు 1.

దశ 9: స్పార్కు సమయం, స్ప్రాకెటు

ఫ్లైవీలును క్రాంకుకు పట్టి ఉంచేది కోన్ ఆకారపు బిగింపే. కీ అనే చిన్న లోహపు ముక్క దాని స్థానాన్ని చూపడానికి మాత్రమే ఉంటుంది. అందువల్ల కీని ఒక వైపు అరగదీసి స్పార్కును 4 డిగ్రీలు ముందుకు జరపవచ్చు. రెండు కోన్ ఉపరితలాలనూ నూనె లేకుండా తుడిచి, నట్టును తయారీదారు చెప్పిన టార్కుతో బిగించాను. కాయిలుకూ మ్యాగ్నెటుకూ మధ్య సందు 0.3 మి.మీ. ఉంచాను. నిష్పత్తి 8.9 / 15.0 = 0.59.

మరో కీతో 7 డిగ్రీలు కూడా ప్రయత్నించాను. నిష్పత్తి తిరిగి 0.60 అయింది. డీకంప్రెషన్ వాల్వు నొక్కినా స్టార్టరు తాడు వేళ్ళను వెనక్కి గుంజింది. అందుకని 4 డిగ్రీల కీనే తిరిగి వేశాను.

ఏడు పళ్ళ స్ప్రాకెటు స్థానంలో ఎనిమిది పళ్ళది వేస్తే నిమిషానికి 9,000 చుట్ల దగ్గర చైను వేగం సెకనుకు సుమారు 20 మీటర్ల నుంచి 23 మీటర్లకు పెరుగుతుంది. సన్నని కొమ్మల్లో బాగుంది. 25 సెం.మీ. దూలంలో మాత్రం ఇంజను వేగం దిగిపోయి 0.61 వచ్చింది. ఏడు పళ్ళదే మళ్ళీ వేశాను.

ఇప్పటివరకు: 44.5 గంటలు. నిష్పత్తి 0.59.

దశ 10: చివరి కార్బురేటరు అమరిక

కాయిలు ఇంజను వేగాన్ని 13,500 దగ్గర పరిమితం చేస్తుంది. అక్కడ అది స్పార్కును వదిలేసినప్పుడు వచ్చే చప్పుడు, పెట్రోలు ఎక్కువైనప్పుడు వచ్చే గరగర చప్పుడు లాగానే ఉంటుంది. చెవితో మాత్రమే అమర్చేవారు పెట్రోలు సరిపడా ఉందనుకుని ప్రమాదకరమైన అమరికలో నడిపే అవకాశం ఇక్కడే ఉంది. టాకోమీటరు పెట్టి, బరువు లేనప్పుడు 13,000 దగ్గరే గరగర మొదలయ్యేలా, కోతలో బారు నొక్కగానే ఆ చప్పుడు శుభ్రమయ్యేలా హెచ్ స్క్రూను అమర్చాను. ఒకటింబావు చుట్టు నుంచి మరికొంచెం తెరవవలసి వచ్చింది. తక్కువ వేగంలో పెట్రోలు పాలును నిర్ణయించే ఎల్ స్క్రూను యాక్సిలరేటరు నొక్కగానే వేగం జాప్యం లేకుండా అందుకునేంత వరకే తెరిచాను. చైను బ్రేకును, చైను తెగితే పట్టుకునే కొక్కేన్ని ఈ పని మొత్తంలో ఎక్కడా మార్చలేదు. ప్రతి కోత పరీక్షకూ ముందు బ్రేకు పని చేస్తోందో లేదో చూశాను.

మొత్తం: 46 గంటలు. నిష్పత్తి 0.74 నుంచి 0.59, అంటే కోత సమయంలో 20 శాతం తగ్గుదల. అందులో సైలెన్సరుది 0.06, స్క్విష్‌ది 0.04, పోర్టులది 0.04, స్పార్కుది 0.01. సైలెన్సరుకు, స్క్విష్‌కు కలిపి తొమ్మిది గంటలు పట్టింది. పోర్టులకు, వృథా కాకుండా మిగిలినవే లెక్కించినా, ఏడు గంటలు పట్టింది.

25 లీటర్ల పెట్రోలు తరువాత

సైలెన్సరు విప్పి పోర్టులోంచి చూశాను. ఎగ్జాస్టు వైపు పిస్టన్ మీద తయారీ అడ్డగీతలు ఇంకా కనిపిస్తున్నాయి, నిలువు గాటు ఒక్కటీ లేదు. శూన్యత పరీక్షలో నిమిషానికి 0.5 నుంచి 0.48. కంప్రెషన్ 176. పోర్టు అంచుల దగ్గర రింగుల మీద గీతలు లేవు.

రెండు లోపాలు తేలాయి. సైలెన్సరు బోల్టులు రెండూ పావు చుట్టు వదులయ్యాయి. ఇకపై ప్రతి ఐదు లీటర్లకు ఒకసారి ఇంజను చల్లారాక బిగించాలి. రెండో గొట్టం వెల్డింగు దగ్గర 6 మి.మీ. పొడవున వెంట్రుకంత పగులు వచ్చింది. సైలెన్సరు రేకు మందం 1 మి.మీ. మాత్రమే కావడంతో కంపనాన్ని తట్టుకోలేకపోయింది. గొట్టం చుట్టూ 2 మి.మీ. రేకుతో పట్టీ చుట్టి తిరిగి వెల్డింగు చేయించాను. మరో 10 లీటర్ల తరువాత సైలెన్సరు విప్పి ఆ పట్టీని చూడవలసి ఉంది.